డాలర్ 90 దాటింది సరే, మనం పేదవాళ్లమయ్యామా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "గ్రూప్-2కి చదువుతున్నాను. డాలర్ 90 రూపాయలు దాటిందని టీవీలో ఒకటే గోల. 1947లో రూపాయి, డాలర్ సమానంగా ఉండేవంటారు, నిజమేనా? రూపాయి పడితే ఎగుమతులకు మంచిదని పుస్తకంలో ఉంది, మరి అందరూ ఎందుకు బాధపడుతున్నారు? రిజర్వ్ బ్యాంకు 50 దగ్గర కట్టేసి ఉంచలేదా? అన్నీ ఇక్కడే తయారుచేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా? మా తమ్ముడు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు, జనవరి ఫీజు ఇప్పుడే పంపాలా, ఆగాలా?"

బ్యాంకులో విదేశీ మారకం విభాగంలో చాలాకాలం పనిచేశాను కాబట్టి చివరి ప్రశ్నకు కూడా జవాబు చెప్పగలను. కానీ వరసగా వెళ్దాం.

1947 కబురు అబద్ధం. ఏటా ఆగస్టు 15 రాగానే వాట్సాప్‌లో తిరిగే సరుకు అది. అప్పట్లో రూపాయికి డాలర్‌తో నేరుగా లంకె లేదు, బ్రిటిష్ పౌండుతో ఉండేది. రూపాయికి 1 షిల్లింగు 6 పెన్నీలు, అంటే పౌండుకు 13 రూపాయల పైచిలుకు. పౌండుకు 4.03 డాలర్లు వచ్చేవి. భాగించి చూడండి, డాలర్ దాదాపు 3 రూపాయల 30 పైసలు అవుతుంది. 1949 సెప్టెంబర్‌లో బ్రిటన్ తన పౌండును 2.80 డాలర్లకు దించింది. రూపాయి పౌండును పట్టుకుని ఉంది కాబట్టి మనమూ దిగాం, డాలర్ 4.76 అయింది. ఆ అంకె 1966 దాకా కదల్లేదు.

అయినా, ఒకవేళ నిజంగానే ఒకటికి ఒకటి ఉందనుకుందాం. దానివల్ల ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. ఒక రూపాయి ఇస్తే ఒక జపాన్ యెన్ కంటే ఎక్కువే వస్తుంది. అంతమాత్రాన జపాన్ మనకన్నా పేద దేశమా? డాలర్‌కు వెయ్యికి పైగా దక్షిణ కొరియా వోన్‌లు వస్తాయి. ఆ దేశం కార్లు, ఫోన్లు, ఓడలు ప్రపంచమంతా అమ్ముతోంది. ఇటు కువైట్ దినార్ ఒక్కటే మూడు డాలర్లు దాటుతుంది. నెల జీతం యాభై వేలను పైసల్లో లెక్కపెట్టుకుంటే యాభై లక్షలు అవుతుంది, దాంతో సంచీలోకి కూరగాయలు ఎక్కువేం రావు కదా! మారకం రేటు అంకె కూడా అలాంటిదే. అది ఎక్కడ ఉందన్నది కాదు, ఎంత వేగంగా, ఎందుకు కదిలిందన్నది చూడాలి. పరీక్షలో ఇంకేం రాసినా రాయకపోయినా ఈ తేడా మాత్రం వదలకండి.

ఎందుకు కదులుతుంది? డాలర్ కూడా మిర్చిలా, పత్తిలా ఒక సరుకే. కొనేవాళ్లు ఎక్కువైతే ధర పెరుగుతుంది. మన దేశంలో డాలర్లు కొనేవాళ్లలో మొదటి వరసలో చమురు కంపెనీలుంటాయి, ఎందుకంటే మనకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటాం. ఆ తర్వాత బంగారం, ఎలక్ట్రానిక్ విడిభాగాలు, పామాయిల్. పిల్లల్ని విదేశాల్లో చదివిస్తున్న మీలాంటి కుటుంబాలు. ఇక్కడి షేర్లు అమ్ముకుని వెళ్లిపోయే విదేశీ ఫండ్లు. డాలర్లు తెచ్చేవాళ్లు ఇంకో పక్క: హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలు, మందుల కంపెనీలు, భీమవరం రొయ్యలు, గల్ఫ్ నుంచి ఇంటికి డబ్బు పంపేవాళ్లు. ఈ రెండు వైపుల తూకమే రోజువారీ రేటు.

దీర్ఘకాలంలో ఇంకో కారణం ఉంది, టీవీలో దాని గురించి పెద్దగా మాట్లాడరు. అమెరికాలో ధరలు ఏటా 2-3 శాతం పెరుగుతూ, మన దగ్గర 6-7 శాతం పెరుగుతూ వస్తే, రూపాయి కొనుగోలు శక్తి డాలర్ కన్నా వేగంగా కరుగుతుంది. మారకం రేటు ఆ తేడాను నిదానంగా సర్దుకుంటుంది. 1993 మార్చిలో రేటును మార్కెట్‌కు వదిలినప్పుడు డాలర్ 31 రూపాయల పైచిలుకు. 2025 డిసెంబర్‌లో 90 దాటింది. చక్రవడ్డీ లెక్కన చూస్తే ఏటా సగటున 3 శాతం చిల్లర. అంటే ఇందులో ఎక్కువ భాగం మన ద్రవ్యోల్బణం ఖాతాలో రాయాల్సిందే. రూపాయిని ఎవరో కుట్ర చేసి పడేస్తున్నారనే వాళ్లకు ముందు ఈ లెక్క చూపించండి.

ఇక్కడొక పిట్టకథ. దేశాల మధ్య ధరల తేడాను కూడా కలిపి లెక్కగట్టే రేటును వాస్తవిక ప్రభావిత మారకపు రేటు అంటారు. 1997 ఆగస్టులో గోవాలో విదేశీ మారకం డీలర్ల సభ జరిగింది. మన కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి గారు అప్పుడు రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్. ఈ లెక్క ప్రకారం రూపాయి ఉండాల్సిన దానికన్నా బలంగా ఉందని అక్కడ అన్నారు. అంతే, మార్కెట్లో రూపాయి జారింది. కేంద్ర బ్యాంకు పెద్దలు ప్రతి మాటా నూరుసార్లు ఆలోచించి ఎందుకు మాట్లాడతారో ఆ ఒక్క ప్రసంగం చూస్తే తెలుస్తుంది.

సరే, "రూపాయి పడితే ఎగుమతులకు మంచిది" అన్న వాక్యానికి వద్దాం. ఇది సగం నిజం. మిగతా సగం రొయ్యల చెరువు గట్టు మీద తెలుస్తుంది.

ఒక ఎగుమతిదారు కిలో రొయ్యలు 8 డాలర్లకు అమెరికాకు అమ్ముతున్నాడనుకుందాం. డాలర్ 85.50 ఉన్నప్పుడు అతనికి 684 రూపాయలు వచ్చేవి. 90కి వెళితే 720. చేయి కదపకుండా కిలోకు 36 రూపాయలు అదనం. పుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. కానీ అవతల కొనేవాడు కూడా రోజూ రేటు చూస్తాడు. తర్వాతి ఆర్డర్ దగ్గర "మీ రూపాయి పడింది కదా, ధర కాస్త తగ్గించండి" అంటాడు. అదనంలో కొంత అటే పోతుంది. మిగిలింది ప్రాసెసింగ్ ప్లాంటు దాకా వస్తుంది. అక్కడి నుంచి చెరువు దగ్గర రైతుకు కౌంట్ రేటులో (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న దాన్నిబట్టి కట్టే ధరలో) ఎంత పెంచుతారన్నది ఆ వారం సరుకు ఎంత వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. నేను చూసినంతలో ధర పడినప్పుడు రైతుకు వెంటనే తెలుస్తుంది, పెరిగినప్పుడు ఆలస్యంగా తెలుస్తుంది.

ఖర్చు వైపు చూద్దాం. మనం పెంచే వనామి రొయ్య ఇక్కడి జాతి కాదు, 2009లో అనుమతిచ్చాక వచ్చింది. హేచరీల్లో గుడ్లు పెట్టే తల్లి రొయ్యలు, అంటే బ్రూడర్లు, రోగాలు లేనివి కావాలి కాబట్టి ఇప్పటికీ ఎక్కువగా విమానంలో దిగుమతి అవుతాయి. చెన్నైలో క్వారంటైన్ పూర్తిచేసుకుని హేచరీలకు చేరతాయి. వాటి బిల్లు డాలర్లలోనే. మేతలో వాడే కొన్ని సరుకుల ధరలు ప్రపంచ మార్కెట్‌తో కదులుతాయి. ఏరేటర్లు తిరగడానికి, లారీ కదలడానికి డీజిల్ కావాలి, అదీ డాలర్ సరుకే. అమ్మకం డాలర్లలో ఉన్నంత మాత్రాన లాభం డాలర్లలో ఉన్నట్టు కాదు. మందుల పరిశ్రమదీ ఇదే కథ. మాత్రలు హైదరాబాద్ నుంచి వెళతాయి, వాటి ముడిసరుకుల్లో చాలావరకు చైనా నుంచి వస్తాయి.

పోటీ ఎవరితో అన్నది ఇంకో మెలిక. అమెరికా రొయ్యల మార్కెట్లో మనకు గట్టి పోటీ ఈక్వడార్. ఆ దేశానికి సొంత కరెన్సీ లేదు, 2000 నుంచి అమెరికా డాలరే వాడుకుంటోంది. కాబట్టి రూపాయి పడితే ఈక్వడార్ మీద మనకు కచ్చితంగా ఎంతో కొంత వీలు దొరుకుతుంది. వాళ్లు తమ కరెన్సీని దించుకుని బదులు చెప్పలేరు. అదే ఇండోనేషియా రుపియా, వియత్నాం డాంగ్ కూడా మనతోపాటు పడితే, వాళ్ల మీద మనకు వచ్చే లాభం సున్నా.

2025లో జరిగింది చూస్తే ఈ వాదన అసలు బరువెంతో తెలుస్తుంది. ఆ ఏడాది మొదట్లో డాలర్ 85 చిల్లర, డిసెంబర్‌కు 90. అంటే దాదాపు 5 శాతం. అదే ఏడాది ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద 50 శాతం సుంకం వేసింది. రొయ్యలకు దాని మీద యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేవి), కౌంటర్‌వైలింగ్ (ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసేవి) సుంకాలు అదనం. ఈక్వడార్‌కు వేసింది 15 శాతం. ఇద్దరి మధ్య తేడానే 35 శాతం. అంత గండిని 5 శాతం రూపాయి పతనంతో పూడ్చలేరు. ఎగుమతి నడవాలంటే మారకం రేటు ఒక్కటే చాలదు. సుంకం, నాణ్యత తనిఖీలు, ఓడ కిరాయి, పోటీదారు అన్నీ కలిసిరావాలి.

ఇదే పాఠం 1966లో ఇంకా పెద్ద ఎత్తున నేర్చుకున్నాం. ఆ ఏడాది జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం డాలర్‌ను 4.76 నుంచి ఒక్క దెబ్బకు 7.50 చేసింది. ఎగుమతులు ఉవ్వెత్తున పెరుగుతాయన్నారు. వరుసగా రెండేళ్లు కరవు వచ్చింది. అమ్ముదామంటే సరుకే లేదు. పైగా అప్పటిదాకా ఇస్తున్న ఎగుమతి ప్రోత్సాహకాలు తీసేసి, జనపనార, టీ లాంటి వాటి మీద ఎగుమతి సుంకాలు వేశారు. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నారు. ఆ దెబ్బతో "డీవాల్యుయేషన్", అంటే ప్రభుత్వమే రూపాయి విలువ తగ్గించడం, అన్న మాటంటేనే మన రాజకీయాల్లో భయం పట్టుకుంది.

ఆ భయమే 1991లో కనిపిస్తుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగిరింది. కువైట్‌లో పనిచేస్తున్న మనవాళ్లు లక్షన్నరకు పైగా కట్టుబట్టలతో తిరిగొచ్చారు, వాళ్లు పంపే డబ్బు ఆగింది. ప్రవాసులు డిపాజిట్లు వెనక్కి తీసుకోసాగారు. 1991 మధ్యకు వచ్చేసరికి చేతిలో ఉన్న డాలర్లు కొద్ది వారాల దిగుమతులకే సరిపోయేలా ఉన్నాయి. చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగా స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారాన్ని స్విట్జర్లాండ్ బ్యాంకుకు పంపారు. పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాక జూలైలో రిజర్వ్ బ్యాంకు మరో 47 టన్నులు ఓడలో కాదు, విమానాల్లో లండన్‌కు తరలించి, దాని మీద 40 కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ మధ్యలోనే జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. మొదటి విడత కాగానే పి.వి. గారు వెనకాడారు. రెండోది ఆపమని ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్‌కు చెప్పారు. ఆయన ముంబైలో ఉన్న డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికి కొత్త రేటు ప్రకటన అయిపోయింది! డాలర్ 21 దగ్గర నుంచి 26 దగ్గరికి చేరింది.

1991ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం మీ "50 దగ్గర కట్టేయలేరా" అన్న ప్రశ్న. కట్టేయవచ్చు, కొన్నాళ్లు. ప్రతిరోజూ 50కే డాలర్ అమ్మడానికి రిజర్వ్ బ్యాంకు సిద్ధంగా ఉండాలి. మార్కెట్లో 90 పలికే వస్తువు ప్రభుత్వం 50కి ఇస్తుంటే కొనని వాడెవడు? బంగారం దిగుమతి, విదేశీ ప్రయాణాలు, అన్నీ పెరుగుతాయి. అటువైపు ఎగుమతిదారు తన డాలర్‌ను 50కి బ్యాంకుకు ఇవ్వడానికి ఇష్టపడడు, బిల్లు తక్కువ రాయించుకుని మిగతాది బయటే దాచుకుంటాడు. గల్ఫ్‌లో ఉన్నవాడు బ్యాంకు మానేసి హవాలాలో పంపుతాడు. 1991కి ముందు, దిగుమతికీ డాలర్‌కూ ప్రభుత్వ అనుమతి కావాల్సిన పర్మిట్ల రోజుల్లో సరిగ్గా ఇదే జరిగింది. ఖజానా ఖాళీ అయ్యాక కట్టు ఎలాగూ తెగుతుంది, తెగినప్పుడు ఒక్కసారిగా తెగుతుంది. 1997 జూలై 2న థాయిలాండ్‌లో అదే అయింది. డాలర్‌కు 25 బాత్ దగ్గర ఏళ్ల తరబడి పట్టి ఉంచిన రేటు, ఆరు నెలల్లో 50 దాటింది. బాత్‌లలో సంపాదించి డాలర్లలో అప్పు చేసిన కంపెనీల అప్పు రెట్టింపయింది.

మన రిజర్వ్ బ్యాంకు ఇప్పుడు చేసేది వేరు. ఫలానా అంకె దగ్గర ఆపుతామని చెప్పదు, కుదుపులు తగ్గిస్తానంటుంది. 2024 సెప్టెంబర్ చివరికి దాని దగ్గరున్న విదేశీ మారకం నిల్వలు 700 బిలియన్ డాలర్లు దాటాయి. తర్వాతి నాలుగు నెలల్లో 70 బిలియన్లకు పైగా తగ్గాయి. అందులో కొంత యూరో, పౌండు లాంటి వాటి విలువ మారడం వల్ల అయితే, చాలావరకు రూపాయి మరీ జారకుండా డాలర్లు అమ్మడం వల్లే. డాలర్ అమ్మినప్పుడు బదులుగా రూపాయలు లోపలికి వస్తాయి, అంటే బ్యాంకుల దగ్గర నగదు బిగుసుకుంటుంది, వడ్డీలు పెరిగే ఒత్తిడి వస్తుంది. ఉచితంగా జరిగే పని కాదు. నా మటుకు నాకు ఈ పద్ధతే సబబనిపిస్తుంది. నిల్వలు ఉన్నది ఒక అంకెను కాపాడటానికి కాదు, 1991 మళ్లీ రాకుండా చూసుకోవడానికి.

"అన్నీ ఇక్కడే తయారుచేసుకుంటే?" ఈ ప్రశ్నకు 1817లోనే డేవిడ్ రికార్డో లెక్క వేసి చూపించాడు. ఒక ఏడాది పాటు కొంత బట్ట తయారీకి ఇంగ్లండ్‌లో 100 మంది శ్రమ కావాలి, కొంత ద్రాక్షసారాయికి 120 మందిది. పోర్చుగల్‌లో అదే బట్టకు 90, సారాయికి 80. రెండింటిలోనూ పోర్చుగలే నయం. అయినా బట్ట మానేసి సారాయి చేసి అమ్ముకుంటేనే పోర్చుగల్‌కు లాభం: 80 మంది శ్రమతో చేసిన సారాయి ఇస్తే, తాను 90 మందితో చేయాల్సిన బట్ట వస్తుంది. ఇంగ్లండ్‌కు 100తో 120 పని జరుగుతుంది. అన్నీ బాగా చేయగలిగినంత మాత్రాన అన్నీ చేయనక్కర్లేదన్నది దీని సారం. పరీక్షకు దీన్ని తులనాత్మక ప్రయోజనం అని రాయండి.

ఐతే రికార్డో లెక్కలో ఉద్యోగం పోయిన నేతగాడు మర్నాడే ద్రాక్షతోటలో పనికి కుదిరిపోతాడు. నిజజీవితంలో అలా జరగదు. ఏలూరు జిల్లా ఆయిల్‌పామ్ రైతును అడగండి. అతని గెలల ధర ముడి పామాయిల్ ధరను బట్టి కదులుతుంది, ఆ ధర ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చే నూనెను బట్టి, దాని మీద మనం వేసే సుంకాన్ని బట్టి ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి నూనెల మీద మూల సుంకాన్ని 20 శాతం చేసింది. రైతు సంతోషించాడు, వంటింట్లో నూనె ప్యాకెట్ ధర పెరిగింది. 2025 మే చివర్లో 10కి దించారు. ఈసారి గొణుక్కోవడం రైతు వంతు. దేశం మొత్తానికి వ్యాపారం లాభమే అయినా, దేశంలో ప్రతి మనిషికీ లాభం కాదు. నష్టపోయేవాళ్లకు ఏం చేస్తారన్నది రాజకీయం తేల్చాలి, అర్థశాస్త్రం చేతులెత్తేస్తుంది.

మరి నిజంగా ఎప్పుడు కంగారుపడాలి? నేనైతే డాలర్ రేటు కన్నా ముందు కరెంట్ ఖాతా లోటు చూస్తాను. సరుకులు, సేవలు, బయటి నుంచి వచ్చే డబ్బు అన్నీ కలిపాక మన రాబడికీ పోకడకూ మధ్య తేడా అది. 2012-13లో అది జీడీపీలో 4.8 శాతం. అలాంటి స్థితిలో 2013 మేలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధినేత బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చన్నాడు. అమెరికాలో వడ్డీలు పెరుగుతాయన్న అంచనాతో విదేశీ డబ్బు వెనక్కి పరుగెత్తింది, ఆగస్టు 28కి డాలర్ 68 దాటింది. అప్పుడు గవర్నర్‌గా ఉన్నది మన దువ్వూరి సుబ్బారావు గారు. ఆయన తర్వాత సెప్టెంబర్‌లో వచ్చిన రఘురామ్ రాజన్ ప్రవాసుల డిపాజిట్ల పథకంతో డాలర్లు రప్పించారు. 2024-25లో అదే లోటు 0.6 శాతం. సరుకుల వ్యాపారంలో లోటు భారీగానే ఉన్నా, సాఫ్ట్‌వేర్ లాంటి సేవలూ, బయట ఉన్నవాళ్లు పంపే డబ్బూ దాన్ని దాదాపు పూడ్చాయి. అందుకే 68 నాటి టెన్షన్, 90 నాటి టెన్షన్ ఒకటి కావు.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. దుబాయ్ దిర్హం డాలర్‌కు 3.6725 దగ్గర, సౌదీ రియాల్ 3.75 దగ్గర ఏళ్ల తరబడి కట్టేసి ఉన్నాయి. అందుకే డాలర్ పెరిగిన ప్రతిసారీ జగిత్యాలకో, నిజామాబాద్‌కో వచ్చే డబ్బు కూడా రూపాయల్లో పెరుగుతుంది. వాళ్ల జీతం పెరగలేదు, ఇంటి దగ్గర నూనె, గ్యాస్ ధరలు మాత్రం తర్వాత పెరుగుతాయి.

చివరగా మీ తమ్ముడి ఫీజు. సెమిస్టర్‌కు 12,000 డాలర్లు అనుకుంటే, 85.50 దగ్గర 10 లక్షల 26 వేలు, 90 దగ్గర 10 లక్షల 80 వేలు. 54 వేల తేడా చిన్నదేం కాదు. కానీ వచ్చే నెల రేటు ఎటు పోతుందో చెప్పగలనన్నవాణ్ణి నమ్మకండి. గడువు దగ్గర పడిన ఫీజు రేటు కోసం ఆపకండి. గడువుకు రెండు మూడు నెలలు ఉంటే రెండు విడతలుగా పంపండి, సగటు రేటు పడుతుంది. టీవీలో కనిపించేది బ్యాంకులు తమలో తాము వాడుకునే రేటు. మీకు వేసేది టీటీ సెల్లింగ్ రేటు, అంటే బయటికి పంపే డాలర్లను బ్యాంకు మీకు అమ్మే ధర, అది ఇంకొంచెం ఎక్కువ. ఆ "కొంచెం" బ్యాంకుకూ బ్యాంకుకూ మారుతుంది, బేరమాడితే తగ్గిస్తారు కూడా. ముందు రెండు మూడు చోట్ల అడగండి. మార్పిడి మీద కొద్దిగా జీఎస్టీ ఉంటుంది. సొంత డబ్బు పంపితే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద టీసీఎస్ (బ్యాంకే ముందుగా వసూలుచేసే పన్ను) పట్టుకుంటారు, ఐటీ రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటవుతుంది. బ్యాంకు విద్యారుణంతో కడితే 2025 ఏప్రిల్ నుంచి ఆ టీసీఎస్ లేదు. కాబట్టి అప్పు, సొంత డబ్బు రెండూ ఉంటే ఫీజును అప్పులోంచి కట్టి, సొంత డబ్బును ఖర్చులకు పంపడం మేలు. రుణం రూపాయల్లోనే ఉంది కదా? అయితే రేపు అతను డాలర్లలో సంపాదించి తీర్చేటప్పుడు ఈ బలహీన రూపాయే మీకు కలిసొస్తుంది.